గాజు గొట్టంలో ఆవిరి ప్రయాణం

స్టీలు గొట్టం ఉండగా గాజు గొట్టం ఎందుకు? గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఓవెన్ తలుపు తీసి, లోపల చుట్టలు తిరిగి ఉన్న గాజు కాలమ్‌ను మొదటిసారి చూసినవారికి తోచే ప్రశ్న ఇది. సబబైన ప్రశ్నే. ఆ ఓవెన్‌లో వేడి రెండు మూడు వందల డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, ఒక పూటలోనే పలుమార్లు ఎక్కి దిగుతుంది. గొట్టం రెండు కొసలనూ లోహపు నట్లతో బిగించాలి. లోపల వాయువు ఒత్తిడితో పారుతూ ఉంటుంది. ఇంత రాపిడి ఉన్న చోట, కాస్త గట్టిగా బిగిస్తే చిట్లిపోయే వస్తువును పెట్టడం తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. స్టీలు గొట్టాన్ని వంచవచ్చు, చేయి జారినా భయం లేదు. అయినా పురుగుమందుల అవశేషాలు, హార్మోన్లు, ఔషధాలు పరీక్షించే ప్రయోగశాలలు కొన్ని దశాబ్దాల పాటు గాజును వదల్లేదు.

దీనికి సాధారణంగా వినిపించే జవాబు, గాజు దేనితోనూ చర్య జరపదు కాబట్టి అని. అది సగం నిజం. లోహంతో పోలిస్తే గాజు ఎంతో నయం. కానీ గాజు గోడకూ తన గుణం తనకుంది. అది నమూనాలోని అణువులను పట్టుకుంటుంది, కొన్నిటిని ఆలస్యం చేస్తుంది, కొన్నిటిని అసలు బయటికే రానివ్వదు. గాజు కాలమ్‌ల చరిత్రలో పెద్ద భాగం ఈ గుణాన్ని అణచడానికి పడిన పాట్ల చరిత్రే.

వేరుపడటం ఎలా జరుగుతుంది

ఆవిరిగా మారగల పదార్థాల మిశ్రమాన్ని విడగొట్టి, అందులో ఏది ఎంత ఉందో తేల్చడం గ్యాస్ క్రొమటోగ్రఫీ పని. సిరంజితో ఒకటి రెండు మైక్రోలీటర్ల ద్రవాన్ని వేడిగా ఉన్న ప్రవేశ ద్వారంలోకి ఎక్కిస్తారు. అది తక్షణం ఆవిరవుతుంది. నైట్రోజన్, హీలియం వంటి వాయువు ఒకటి ఆ ఆవిరిని తోసుకుంటూ కాలమ్‌లోకి తీసుకుపోతుంది. దీన్ని వాహక వాయువు అంటారు. కాలమ్ నిండా సన్నని పలుకులుంటాయి, ఆ పలుకుల మీద ఓవెన్ వేడికి కూడా ఆవిరి కాని ఒక చిక్కని ద్రవం పూత ఉంటుంది. అది కదలదు కనుక స్థిర ద్రవం.

తిరునాళ్ల వీధిని తలుచుకుంటే జరిగేది అర్థమవుతుంది. ఒకే బస్సు దిగిన జనం వీధి మొదట్లో ఒకేసారి నడక మొదలుపెట్టారనుకుందాం. అంగళ్ల వైపు కన్నెత్తి చూడనివారు నేరుగా గుడి దగ్గర తేలతారు. గాజుల కొట్టు దగ్గర, మిఠాయి కొట్టు దగ్గర ఆగేవారు తర్వాత వస్తారు. ప్రతి కొట్టూ ఎక్కి దిగేవారు అందరికన్నా ఆఖరు. ఇందులో నడక వేగం అందరిదీ ఒకటే, తేడా అంతా ఆగిన సమయంలోనే. కాలమ్‌లోనూ అంతే. వాయువులో ఉన్నంతసేపు అన్ని అణువులూ వాయువు వేగంతోనే పోతాయి. స్థిర ద్రవంలో కరిగి ఎంతసేపు నిలిచాయన్నదే వాటిని విడదీస్తుంది. బయటికి వచ్చే చోట ఒక్కో పదార్థం ఒక్కో గుంపుగా దిగుతుంది. అక్కడున్న గుర్తింపు పరికరం ఆ గుంపును కాగితం మీద ఒక శిఖరంగా గీస్తుంది.

ఇప్పుడు అదే వీధిలో పాత బాకీలు వసూలు చేసేవాడొకడు నిలబడి, దొరికినవారి చేయి పట్టుకున్నాడనుకుందాం. గుంపులో చాలామంది తప్పించుకొని సమయానికి చేరతారు. చిక్కినవారు ఒక్కొక్కరే విడిపించుకొని, ఒకరి తర్వాత ఒకరు, గుంపు వెనక ఈడుస్తూ వస్తారు. కాగితం మీద శిఖరం వెనక వైపు సాగిపోయి తోకలా తయారవుతుంది. వెనక వచ్చే చిన్న శిఖరం ఆ తోకలో కలిసిపోతుంది. పట్టుకునేవాడి చేతులు పరిమితం కాబట్టి వందమంది వస్తే నలుగురు చిక్కినా లెక్కలోకి రాదు. వచ్చిందే ఐదుగురైతే మాత్రం గుంపు వచ్చిన సంగతే తెలియకుండా పోతుంది. నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు లెక్కల్లో పనిచేసే ప్రయోగశాలకు అసలు చిక్కు ఇదే. గొట్టం గోడ దేనితో చేశారన్న ప్రశ్న ఇక్కడే ప్రాణం పోసుకుంటుంది.

క్రొమటోగ్రఫీ పుట్టిందే గాజు గొట్టంలో. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో వార్సాలో పనిచేస్తూ, ఆకుల నుంచి తీసిన రంగు ద్రావణాన్ని సుద్దపొడి దట్టించిన సన్నని గాజు గొట్టం గుండా దింపాడు. ఆకుపచ్చ, పసుపు రంగులు పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. ఆ పద్ధతికి 1906లో ఆయన పెట్టిన పేరే ఈనాటికీ నిలిచింది. రంగులు కంటికి కనబడాలి కనుక అక్కడ గాజు తప్పనిసరి. ద్రవం బదులు వాయువును పారించవచ్చని ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ 1941లోనే రాశారు. చిత్రంగా, పదేళ్ల పాటు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మార్టినే ఆంథొనీ జేమ్స్‌తో కలిసి లండన్‌లో ఆ పని చేసి 1952లో ప్రచురించాడు. వాళ్ల కాలమ్ నిటారుగా నిలిపిన గాజు గొట్టం. చుట్టూ మరిగే ద్రవం ఆవిరితో వేడి, లోపల సిలికోన్ నూనె పూసిన, కీసల్‌గుర్ అనే మట్టి పొడి. కొవ్వు ఆమ్లాలు అందులోంచి ఒకటొకటిగా, వరస తప్పకుండా దిగివచ్చాయి. అదే ఏడు మార్టిన్, సింజ్‌లకు నోబెల్ వచ్చింది. అయితే అది 1941 నాటి పనికే గానీ ఈ కొత్త పద్ధతికి కాదు.

లోహం చేసే చెరుపు

పద్ధతి పెట్రోలియం కంపెనీల చేతికి వెళ్లగానే కాలమ్‌లు రాగివి, స్టీలువి అయ్యాయి. పెట్రోలులోని హైడ్రోకార్బన్లు సాధువులు, లోహం గోడతో వాటికి పేచీ లేదు. అక్కడ లోహమే మేలు. గాజు గొప్పదనం గురించి రాసేవారు ఈ సంగతి తరచూ దాటేస్తుంటారు.

క్లోరిన్ ఉన్న పురుగుమందుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. వేడి లోహం వీటికి ఉత్ప్రేరకంలా పనిచేస్తుంది, అంటే తాను మారకుండా వాటిని మారుస్తుంది. డీడీటీ అణువు వేడి లోహం తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్‌ను వదిలేసి డీడీఈగా మారుతుంది, లేదా డీడీడీ అవుతుంది. ఎండ్రిన్ విరిగి ఎండ్రిన్ ఆల్డిహైడ్, ఎండ్రిన్ కీటోన్ అవుతుంది. లోపలికి పంపింది ఒకటి, బయటికి వచ్చింది మరొకటి.

డీడీటీ విషయంలో దీని నష్టం కేవలం లెక్క తగ్గడం కాదు. నేలలో, జంతువుల ఒంట్లో డీడీటీ ఏళ్ల తరబడి మెల్లగా డీడీఈగా మారుతుంది. కాబట్టి మట్టిలో డీడీటీ ఎక్కువగా, డీడీఈ తక్కువగా ఉంటే మందు కొత్తగా చల్లారని, తారుమారైతే పాతదని అంచనా వేస్తారు. కాలమ్ తానే డీడీటీని డీడీఈగా మారుస్తుంటే, నిన్న చల్లిన మందు ఇరవయ్యేళ్ల నాటిదిగా కనబడుతుంది. డీడీటీ నిషేధం తర్వాత కూడా దాన్ని వాడారా లేదా అని తేల్చాల్సిన పరీక్షలో ఇంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు.

స్టెరాయిడ్లది ఇంకో ఇబ్బంది. అవి బరువైన అణువులు, ఆవిరి కావాలంటే గట్టి వేడి కావాలి. ఆ వేడిలో, పైగా హైడ్రాక్సిల్ గుంపులు తగిలించుకొని, లోహం గోడను దాటి రావడం కష్టం. 1960లో అమెరికాలో వాండెన్‌హ్యూవెల్, స్వీలీ, హోర్నింగ్ ముగ్గురూ పలుకుల మీద స్థిర ద్రవాన్ని బాగా పలచగా పూసి, 222 డిగ్రీల దగ్గర స్టెరాయిడ్లను చెక్కుచెదరకుండా విడదీయవచ్చని చూపించారు. అంతవరకు ఇంత పెద్ద అణువులు ఈ పద్ధతికి లొంగవన్న అభిప్రాయమే బలంగా ఉండేది. ఆ తర్వాత జీవరసాయన ప్రయోగశాలల్లో గాజు కాలమ్ మామూలు వస్తువైపోయింది.

గాజు గోడ మీద ఏముంది

గాజు అంటే ప్రధానంగా సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల వల. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు, ఒక్కో ఆక్సిజన్ రెండు సిలికాన్‌ల నడుమ. లోపల ఎక్కడా ఖాళీ చేయి లేదు. ఉపరితలం దగ్గర మాత్రం వల తెగిపోతుంది. తెగిన కొసలు గాలిలోని తేమను పట్టుకొని సిలికాన్‌కు తగిలిన హైడ్రాక్సిల్ గుంపులుగా మారతాయి. వీటి పేరు సైలనాల్. బాగా తడి పీల్చిన సిలికా ఉపరితలం మీద ప్రతి చదరపు నానోమీటరుకూ ఇవి ఐదు దాకా ఉంటాయి. తిరునాళ్ల వీధిలోని బాకీ వసూలుదార్లు వీళ్లే. ఆల్కహాళ్లు, అమీన్లు, ఆమ్లాలు వచ్చినప్పుడు సైలనాల్ హైడ్రోజన్ బంధంతో వాటి చేయి పట్టుకుంటుంది.

ఇవి చాలవన్నట్లు గాజులో ఇతర మూలకాలూ ఉంటాయి. కిటికీ అద్దాలకు, సీసాలకు వాడే మెత్తని సోడా గాజులో సోడియం, కాల్షియం దండిగా ఉంటాయి. ప్రయోగశాల బీకర్లు చేసే బోరోసిలికేట్ గాజులో, పైరెక్స్ పేరుతో అందరికీ తెలిసిన రకంలో, సిలికా 81 శాతం, బోరాన్ ఆక్సైడ్ 13 శాతం దగ్గర ఉంటాయి. మిగిలింది సోడియం, అల్యూమినియం ఆక్సైడ్లు. సోడా గాజు ఉపరితలం క్షార గుణం చూపుతుంది, ఆమ్లాలను పట్టేస్తుంది. బోరోసిలికేట్ కాస్త ఆమ్ల గుణం చూపుతుంది, అమీన్ల వంటి క్షారాలను ఆపేస్తుంది. బోరాన్‌కు ఎలక్ట్రాన్ జతల మీద ఆకలి ఎక్కువ. ఎలక్ట్రాన్ జత ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు కలిగిన అణువులు దాని దగ్గర నిలిచిపోతాయి. ఏ గాజును ఎంచుకున్నా ఏదో ఒక తెగ పదార్థాలతో పేచీ తప్పదన్నమాట.

సైలనాళ్లకు విరుగుడు సైలనైజేషన్. డైమిథైల్ డైక్లోరో సైలేన్ అనే ద్రవాన్ని టొల్యూన్‌లో 5 శాతం దాకా కలిపి, ముందే ఆమ్లంతో, నీటితో, అసిటోన్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టిన గాజు గొట్టంలో నింపుతారు. సైలేన్‌లోని క్లోరిన్, సైలనాల్‌లోని హైడ్రోజన్ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరిగా వెళ్లిపోతాయి. అందుకే ఈ పని పొగ లాగే గూటిలో తప్ప బయట చేయకూడదు. హైడ్రాక్సిల్ ఉన్న చోట ఇప్పుడు మిథైల్ గుంపులు నిలుస్తాయి, వాటికి ఎవరి చేయీ పట్టుకునే అలవాటు లేదు. అరగంట తర్వాత గొట్టాన్ని టొల్యూన్‌తో కడిగి, వెంటనే మిథనాల్‌తో కడగాలి. ఈ రెండో కడుగును తేలిగ్గా తీసుకునేవారు తర్వాత తలపట్టుకుంటారు. సైలేన్ అణువుకు రెండు క్లోరిన్‌లు. ఒకటి గాజుతో బంధానికి ఖర్చయినా, చాలా చోట్ల రెండోది అలాగే మిగిలిపోతుంది. దానికి నీటి తేమ తగిలిందా, కొత్త సైలనాల్ పుట్టినట్టే. మిథనాల్ ముందుగా చేరితే ఆ క్లోరిన్ స్థానంలో మిథాక్సీ గుంపు కూర్చుంటుంది, చిక్కు తీరుతుంది.

పని కుదిరిందో లేదో చూడటానికి యంత్రం అక్కర్లేదు. ఆరిన గొట్టంలో ఒక నీటిచుక్క వేస్తే చాలు. మామూలు గాజు మీద నీరు పరుచుకొని పలచటి పొర కడుతుంది. సైలనైజ్ చేసిన గాజు మీద నీరు గుండ్రటి పూసలుగా నిలబడి, వంచగానే జారిపోతుంది. ఎక్కడైనా ఒక మచ్చలో నీరు అంటుకుందంటే అక్కడ మందు పట్టలేదని లెక్క.

అయితే ఒక ముఖ్యమైన సంగతి. 2 మీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో గాజు గోడ వైశాల్యం మొత్తం కలిపి 125 చదరపు సెంటీమీటర్లు, అంటే చిన్న నోటుపుస్తకం పేజీ కన్నా తక్కువ. అందులో పట్టే గ్రామున్నర పలుకుల ఉపరితలం ఒకటిన్నర చదరపు మీటర్లు. పలుకుల ఉపరితలం గోడకు వంద రెట్లకు పైమాటే. ఆ పలుకులూ సిలికావే, వాటి మీదా సైలనాళ్లే. గోడను మాత్రం శుద్ధి చేసి పలుకులను వదిలేస్తే దొడ్డిదారి తెరిచి ముందు తలుపుకు తాళం వేసినట్టే. అందుకే మంచి రకం పలుకులను కూడా ఆమ్లంతో కడిగి, ఇదే సైలేన్‌తో శుద్ధి చేసి అమ్ముతారు. గోడకు ప్రాధాన్యం ఎక్కడంటే, నమూనా ఆవిరయ్యే తొలి కొన్ని సెంటీమీటర్లలో. అక్కడ పలుకులుండవు, స్థిర ద్రవం ఉండదు. మండుతున్న వేడి, వట్టి గోడ మాత్రమే. గాజు కాలమ్ వాడేవారు సిరంజి సూదిని నేరుగా కాలమ్ మెడలోకే దించేది, నమూనా ఎక్కడా లోహాన్ని తాకకూడదనే.

కాలమ్ నింపే పని

నింపిన గాజు కాలమ్‌లు ఎక్కువగా 2 లేదా 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, ఒకటి రెండు మీటర్ల పొడవుతో ఉంటాయి. గాజు పనివారు బోరోసిలికేట్ గొట్టాన్ని మంటలో మెత్తబరిచి చుట్టగా తిప్పి, రెండు కాళ్లు కిందికో పైకో నిలిచేలా వంచుతారు. ఆ కాళ్ల మధ్య దూరం యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఒక కంపెనీ యంత్రానికి చేసిన గాజు కాలమ్ ఇంకో కంపెనీ యంత్రంలో పట్టదు, స్టీలులా లాగి సర్దడం కుదరదు.

లోపల నింపేది డయాటమైట్ మట్టి నుంచి చేసిన పలుకులు. డయాటమ్‌లు అనే సూక్ష్మ జీవుల సిలికా పెంకులు యుగాల పాటు నీటి అడుగున పేరుకొని ఏర్పడిన మట్టి ఇది, నిండా రంధ్రాలే. దాన్ని కాల్చి, జల్లించి క్రోమోసార్బ్ వంటి పేర్లతో అమ్ముతారు. 80/100 మెష్ అంటే పలుకు సైజు మిల్లీమీటరులో ఆరో వంతు దగ్గర ఉంటుంది. స్థిర ద్రవాన్ని, ఉదాహరణకు ఓవీ-17 అనే సిలికోన్‌ను, ద్రావణిలో కరిగించి పలుకులను అందులో నానబెట్టి, ద్రావణిని మెల్లగా ఆవిరి చేస్తారు. బరువులో 3 శాతం పూత మిగులుతుంది. తాకితే ఆ పొడి జిగురుగా ఉండదు, ఇసుకలా జలజలా జారుతుంది.

నింపడం చూడటానికి తేలిక, చేయి తిరగడానికి సమయం పడుతుంది. గుర్తింపు పరికరం వైపు కొసలో సెంటీమీటరు మందాన గాజు దూది దోపుతారు, అదీ సైలనైజ్ చేసినదే కావాలి. ఆ కొసకు రబ్బరు గొట్టం తగిలించి పంపుతో గాలి పీలుస్తారు. అవతలి కొసన చిన్న గరాటు పెట్టి పలుకులను కొద్దికొద్దిగా పోస్తూ, గొట్టం పొడవునా పెన్సిల్‌తోనో చెక్కపుల్లతోనో మెత్తగా తడతారు. మెత్తగా అనే మాటను గట్టిగా పట్టుకోవాలి. విసురుగా కొట్టినా, కరెంటు కంపన యంత్రం ఎక్కువసేపు ఆనించినా పలుకులు విరుగుతాయి. విరిగిన ముఖం మీద పూత ఉండదు, సైలనాళ్లుంటాయి. పైగా విరిగిన నూక సందుల్లో చేరి వాయువుకు అడ్డం పడుతుంది.

గాజుకున్న ఒక మేలు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. చుట్ట వంపులో ఎక్కడైనా పలుకులు సరిగా దిగక తెల్లటి వరస మధ్యలో సందు మిగిలితే గాజులోంచి వెంటనే తెలుస్తుంది. ఆ చోట రెండు దెబ్బలు తడితే పూడుతుంది. స్టీలు గొట్టంలో అదే సందు ఎవరికీ తెలియకుండా ఉండిపోయి, శిఖరాలు వెడల్పయ్యాక గానీ అనుమానం రాదు. నెలల వాడకం తర్వాతా ఇదే సౌకర్యం. ఆవిరి కాని మాలిన్యాలు ప్రవేశం దగ్గర గాజు దూది మీద, మొదటి పలుకుల మీద పేరుకొని గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి. ఆ నల్లబడిన భాగాన్ని తోడేసి కొత్త పలుకులు, కొత్త దూది పెడితే కాలమ్ మళ్లీ కొన్నాళ్లు నడుస్తుంది.

బిగించేటప్పుడు గాజుకు, లోహానికి నడుమ గ్రాఫైట్ ఉంగరం వేస్తారు. వేలితో బిగించి, ఆపై పావు తిప్పు తిప్పితే చాలు. స్టీలు వేడికి బోరోసిలికేట్ గాజు కన్నా సుమారు ఐదింతలు వ్యాకోచిస్తుంది. అందుకే ఓవెన్ వేడెక్కాక నట్టు వదులై వాయువు కారడం మామూలే. దానికి జవాబు ముందే బిర్రుగా బిగించడం కాదు, ఒకసారి వేడి చేసి చల్లార్చాక మళ్లీ కొద్దిగా బిగించడం. తర్వాత కాలమ్‌ను గుర్తింపు పరికరానికి కలపకుండానే, వాడబోయే వేడి కన్నా కాస్త ఎక్కువలో, దాని గరిష్ఠ పరిమితికి లోబడి, రాత్రంతా వాయువు పారిస్తూ ఉంచుతారు. పూతలో మిగిలిన ద్రావణి, తేలిక అణువులు అలా వెళ్లిపోతాయి. ముందే కలిపితే ఆ చెత్తంతా పరికరం మీద పేరుకుంటుంది.

ఖాళీ గొట్టం, సన్నని సందు

నింపిన కాలమ్‌కు ఒక హద్దుంది. పలుకుల సందుల్లోంచి వాయువును తోయడానికి ఒత్తిడి కావాలి, పొడవు పెరిగేకొద్దీ అది పెరిగిపోతుంది. అందుకే రెండు మూడు మీటర్ల దగ్గర ఆగాలి. పలుకుల మధ్య దారులు కూడా ఒక్కోటి ఒక్కో నిడివి, ఒకే రకం అణువులు వేర్వేరు దారుల్లో వెళ్లి గుంపు చెదురుతుంది.

ఈ చిక్కును విప్పినవాడు రసాయన శాస్త్రవేత్త కాకపోవడం విశేషం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన మార్సెల్ గోలే విద్యుత్ సంకేతాల నిపుణుడు. ఆయన 1949లో కనిపెట్టిన తప్పులు దిద్దే సంకేత పద్ధతిని తర్వాత వాయేజర్ నౌకలు గురు, శని గ్రహాల రంగు చిత్రాలను భూమికి పంపడానికి వాడుకున్నాయి. పెర్కిన్-ఎల్మర్ కంపెనీలో ఉండగా కాలమ్ సమస్యను ఆయన సంకేతాలు తీగలో ప్రయాణించే లెక్కతో చూశాడు. పలుకులే వద్దు, సన్నని ఖాళీ గొట్టం లోపలి గోడకే స్థిర ద్రవాన్ని పలచగా పూస్తే చాలని 1957లో ప్రతిపాదించి, 1958లో ఆమ్‌స్టర్‌డామ్ సదస్సులో పూర్తి సిద్ధాంతం చెప్పాడు. అడ్డు లేని దారి కనుక పదుల మీటర్ల పొడవు పెట్టవచ్చు. కాలమ్ విడదీసే శక్తిని అంచెల్లో లెక్కిస్తారు. నింపిన కాలమ్‌ది కొన్ని వేల అంచెలైతే, ఇలాంటి సన్నని ఖాళీ గొట్టం, అంటే కేశనాళిక కాలమ్, 30 మీటర్లదైతే లక్షకు దగ్గర.

ఇక్కడ గోడే సర్వస్వం, పలుకుల ఊసే లేదు. గోడ మంచిదైతేనే కాలమ్ మంచిది. లోపలి వ్యాసం పావు మిల్లీమీటరు ఉండే గాజు గొట్టాన్ని యాభై మీటర్ల పొడవున చేయడం ఎలాగన్న ప్రశ్నకు 1960లో బ్రిటిష్ పెట్రోలియం ప్రయోగశాలలో డెనిస్ డెస్టీ బృందం ఒక అందమైన యంత్రంతో జవాబిచ్చింది. మందమైన గాజు గొట్టాన్ని ఒక జత చక్రాలు మెల్లగా కొలిమిలోకి తోస్తాయి. అవతల ఇంకో జత చక్రాలు మెత్తబడిన గాజును అనేక రెట్లు వేగంగా లాగుతాయి. బయటికి వచ్చే సన్నని గొట్టం వేడిగా ఉన్న వంపు గొట్టంలోంచి దూరి, దానంతట అదే స్ప్రింగులా చుట్ట చుట్టుకుంటుంది. 6 మిల్లీమీటర్ల గొట్టం 1 మిల్లీమీటరుకు సన్నబడితే పొడవు 36 రెట్లవుతుంది. మీటరున్నర గొట్టం యాభై నాలుగు మీటర్ల కాలమ్ అవుతుంది. లోపలి, బయటి వ్యాసాల నిష్పత్తి మాత్రం మారదు.

గొట్టం చేతికి వచ్చింది గానీ పూత కుదరలేదు. లాగిన గాజు లోపలి ముఖం మరీ నునుపు. స్థిర ద్రవం పొరగా పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోయేది. అందుకే 1960లలో చాలామంది స్టీలు కేశనాళికలతోనే సరిపెట్టుకున్నారు, పెర్కిన్-ఎల్మర్ పేటెంట్ కూడా ఇతర కంపెనీలకు అడ్డంగా నిలిచింది. గాజును వదలకుండా పట్టుకున్నవారిలో జ్యూరిక్‌కు చెందిన కుర్ట్ గ్రోబ్, గెర్ట్రూడ్ గ్రోబ్ దంపతులది మొదటి వరస. నునుపు ముఖాన్ని గరుకు చేయడం ఒక దారి. సోడా గాజు గొట్టంలోకి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపితే గాజులోని సోడియంతో కలిసి గోడ మీద సన్నని ఉప్పు స్ఫటికాలు మొలుస్తాయి, వాటి మీద ద్రవం నిలుస్తుంది. బేరియం కార్బొనేట్ స్ఫటికాల పొర పెంచడం గ్రోబ్‌ల దారి. గోడలోని లోహ అయాన్లను ఆమ్లంతో కడిగేసి, అధిక వేడిలో సైలనైజ్ చేయడం ఇంకొకటి. ఆ రోజుల్లో మంచి గాజు కేశనాళిక చేయగల చేతులు లోకంలో కొద్దే. పద్ధతి కాగితం మీద ఉన్నా, ఫలితం చేసేవారి ఒడుపును బట్టి మారేది.

వాడేవారి కష్టం వేరు. చుట్టగా ఉన్న గాజు రెండు కొసలూ యంత్రం రంధ్రాల్లోకి నిటారుగా దూరాలి. చిన్న మంట మీద కొసను మెత్తబరిచి తిన్నగా లాగాలి. మంట తగిలిన చోట పూత మాడిపోతుంది, సైలనాళ్లు మళ్లీ పైకి వస్తాయి. ఆ రెండు జానెడు ముక్కలకూ మళ్లీ శుద్ధి చేయాలి. ఇంతా చేశాక బిగించేటప్పుడు టిక్కుమంటే కథ మొదటికొస్తుంది. కేశనాళికల శక్తి తెలిసి కూడా చాలా ప్రయోగశాలలు 1970ల చివరిదాకా నింపిన కాలమ్‌లతోనే కాలం గడిపాయంటే కారణం ఇదే, దాన్ని సోమరితనం అనడం న్యాయం కాదు.

లోహం లేని గాజు

1979లో జర్మనీలోని హిండెలాంగ్‌లో జరిగిన కేశనాళికల సదస్సులో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీకి చెందిన డాండెనో, జెరెన్నర్ కొత్త కాలమ్ చూపించారు. రకరకాల గాజులను పోల్చి చూసి వాళ్లు ఎంచుకున్నది ఫ్యూజ్డ్ సిలికా, అంటే సిలికా తప్ప మరేమీ లేని గాజు. ఇది ఇసుక కరిగించి చేసింది కాదు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మంటలో మండించి పేర్చిన సిలికా. ఇందులో లోహాల పాలు పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ. కాల్షియం లేదు, బోరాన్ లేదు. మిగిలిన ఒకే ఒక్క చిక్కు సైలనాళ్లు, వాటి మందు అప్పటికే తెలిసినదే.

సిలికాను లాగడానికి 2,000 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. సమాచార తంతువులు, అంటే ఆప్టికల్ ఫైబర్లు లాగే కొలిములు అప్పటికి సిద్ధంగా ఉన్నాయి, వాటి పద్ధతే ఇక్కడ పనికొచ్చింది. ఇలా లాగిన గొట్టం గోడ బాగా పలచన, కాబట్టి అది చుట్టగా రాదు, తిన్నగా వస్తుంది. వంచితే వంగుతుంది, వదిలితే నిటారవుతుంది. కొసలను మంటలో తిన్నగా చేసే పని ఒక్క దెబ్బతో పోయింది. మరి విరగదా? గాజు విరగడానికి మూలం దాని ఉపరితలం మీది కంటికి కనబడని గీతలని ఇంగ్లండ్‌లో గ్రిఫిత్ 1920 నాటికే చూపించాడు. కొలిమిలోంచి వస్తున్న గొట్టానికి గీత పడకముందే బయట పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ పూత వేస్తే గాజు పెళుసుతనం కనబడదు. ఆ పూత గోధుమ బంగారు రంగులో ఉంటుంది కాబట్టి చూసినవారు లోహపు తీగ అనుకుంటారు. లోపలున్నది గాజే. పూత 350 డిగ్రీల పైన మాడటం మొదలుపెడుతుంది, ఆ కాలమ్ హద్దు అదే.

కొద్ది ఏళ్లలోనే లాగి చుట్టిన గాజు కేశనాళిక కనుమరుగైంది. నింపిన గాజు కాలమ్ మాత్రం అంత తొందరగా పోలేదు. బ్రిటిష్, భారతీయ ఫార్మకోపియాల పాత పద్ధతుల్లో ఒకటిన్నర మీటర్ల గాజు కాలమ్ వాడాలని రాసి ఉంది. మందులో ఆల్కహాల్ పాలు చూడటం వంటి పనులకు అది చాలు. శాశ్వత వాయువుల పరీక్షలకు, పెద్ద మోతాదు నమూనాలకు నింపిన కాలమ్‌దే సౌకర్యం, అక్కడైతే స్టీలైనా ఫరవాలేదు.

బోరోసిలికేట్ గాజు నేటి యంత్రంలోనూ ఒక చోట మిగిలి ఉంది. నమూనా ఆవిరయ్యే ప్రవేశ ద్వారంలో లోహపు గోడకు అడ్డుగా వేలెడు పొడవు గాజు గొట్టం ఒకటి నిలబెడతారు. లైనర్ అని పేరు, లోపల తరచూ చిన్న గాజు దూది ముద్ద. సైలనైజేషన్ దానికీ తప్పదు. పురుగుమందులు పరీక్షించే ప్రయోగశాలలు నమూనాలు ఎక్కించే ముందు స్వచ్ఛమైన డీడీటీ, ఎండ్రిన్ కలిపిన ద్రావణం పంపి, ఎంత విరిగిందో చూస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతి ప్రకారం ఈ రెండిటిలో ఏదీ 15 శాతానికి మించి విరగకూడదు. మించితే ముందుగా మార్చేది లైనర్‌నే. అప్పటికీ దారికి రాకపోతే కాలమ్ ప్రవేశం వైపు కొంత ముక్క కోసేసి, మళ్లీ అదే ద్రావణం పంపి చూస్తారు.